నారాయణగూడ సందులో రంగుల లెక్క తెలిసిన ముద్రణ దుకాణం

గత సద్దుల బతుకమ్మ నాడు హుస్సేన్ సాగర్ గట్టున మా అమ్మ బతుకమ్మను తలకెత్తుకుని నిలబడినప్పుడు నేను తీసిన ఫోటో ఒకటి ఉంది. ముందు తంగేడు పసుపు, బంతి నారింజ, రంగులద్దిన గునుగు ఉన్నాయి. వెనుక, పొద్దు కుంకిన తరువాత పావుగంట సేపు మాత్రమే నిలిచే ఆకాశం, అడుగున పలుచని కెంపు నుంచి పైన ముదురు నీలం దాకా ఎక్కడా గీత కనిపించకుండా కరిగిపోతూ ఉంది. ఆ ఫోటోను 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తున ముద్రింపించి అమ్మ ఇంటి హాలులో పెట్టాలన్నది నా కోరిక.

మొదట నగరంలోనే మరొక చోట ప్రింట్ తీయించాను. పూలు బాగానే వచ్చాయి కానీ ఆకాశం మెట్లబావి గోడలా తయారైంది. అంగుళానికొక చార, ఒకటి కొంచెం పచ్చగా, మరొకటి కొంచెం ఎర్రగా, పై నుంచి కింది దాకా లెక్కపెట్టగలిగేటంత స్పష్టంగా ఉన్నాయి. ఎందుకిలా వచ్చిందని అడిగితే ఫోటోయే అలా ఉందన్నారు. నా ల్యాప్‌టాప్‌లో చూసినా చారలు లీలగా కనిపిస్తూనే ఉన్నందువల్ల వాదించలేక డబ్బు కట్టి వచ్చేశాను. ఆ ప్రింట్ ఇప్పటికీ బీరువా వెనుక చుట్టి ఉంది.

ఆ తరువాత ఒక బంధువు చెప్పగా నారాయణగూడ వైఎంసీఏ కూడలికి దగ్గరలో, ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న చిన్న ముద్రణ దుకాణానికి వెళ్లాను. ఉన్న పనే ఎక్కువగా ఉందని, పేరు బయటపెట్టవద్దని యజమాని కోరినందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. మూడు నెలలలో అక్కడ మూడు రకాల పనులు చేయించాను. వాటిలో రెండు నన్ను పూర్తిగా తృప్తిపరిచాయి, ఒకటి నిరాశపరిచింది. మూడింటి గురించీ వివరంగా రాస్తాను, ఎందుకంటే ప్రింట్ బాగుందా బాగాలేదా అన్న ఒక్క మాటతో తేల్చేస్తే ఆ పనిలో ఉన్న నేర్పు ఎవరికీ తెలియదు.

పెన్‌డ్రైవ్ అందుకోకముందే దుకాణం యజమాని అయిన పెద్దాయన అడిగిన మొదటి మాట నాకు బాగా గుర్తుంది: "ఏ గోడకు పెడతారమ్మా? ఎదురుగా కూర్చునే కుర్చీ ఎంత దూరంలో ఉంటుంది?" రెండో ప్రశ్న, ఆ గోడ మీద పడే వెలుగు కిటికీదా, దీపానిదా, దీపమైతే తెల్లదా పసుపుదా అని. ప్రింట్ ధర చెప్పే ముందు గోడ గురించి అడిగిన దుకాణాన్ని నేను అంతకు ముందు చూడలేదు. అసలు కారణం తరువాత అర్థమైంది. కాగితం మీద వేసే సిరా చుక్కకు ఉన్నది ఒక్కటే రంగు. లేత చుక్క, ముదురు చుక్క అని కావలసినన్ని రకాలు ఉండవు, చుక్క ఉండడమో లేకపోవడమో మాత్రమే ఉంటుంది. ఆ కొద్దిపాటి సరుకుతో వేల ఛాయలు చూపించాలంటే చుక్కలను కన్ను విడదీయలేనంత దగ్గరగా చల్లాలి. కన్ను ఎక్కడ విడదీయలేదన్నది దూరం మీద ఆధారపడుతుంది. మామూలు చూపు ఉన్న మనిషి కన్ను సుమారు డిగ్రీలో 60వ వంతు కోణం వరకు విడదీయగలదు. 30 సెంటీమీటర్ల దూరంలో చేత పట్టుకుని చూసే ఆల్బమ్‌కు అది మిల్లీమీటరులో పదకొండో వంతు కన్నా చిన్న చుక్క, అంటే అంగుళానికి దాదాపు 290 చుక్కలు. అదే 3 మీటర్ల దూరంలోని గోడ మీదైతే అంగుళానికి 29 చుక్కలున్నా చాలు. ఈ లెక్కను ఆయన అంకెలలో చెప్పలేదు, కానీ టేపు తీసి దుకాణం గోడకు ఒక పాత ప్రింట్ తగిలించి, నన్ను ముందుకూ వెనక్కూ నడిపించి చూపించారు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. ముగ్గు పిండిలో కాస్త కుంకుమ కలిపితే గులాబీ రంగు వస్తుంది. దగ్గరగా వంగి చూస్తే అక్కడ గులాబీ రంగు రవ్వ ఒక్కటి కూడా ఉండదు, తెల్ల రవ్వలు, ఎర్ర రవ్వలు పక్కపక్కనే ఉంటాయి. కుంకుమ పాలు పెంచితే గులాబీ ముదురుతుంది. ముద్రణాలయం వాళ్లు చేసేది అదే పని, కాకపోతే రవ్వలు ఎక్కడ పడాలో చేతి వాటానికి వదలకుండా లెక్క కట్టి వేస్తారు. ఆ లెక్కనే డిథరింగ్ అంటారు, అచ్చు పనిలో దాని పాత రూపాన్ని హాఫ్‌టోన్ అంటారు. 1852లోనే ఇంగ్లండ్‌లో ఫోటోగ్రఫీకి ఆద్యులలో ఒకరైన ఫాక్స్ టాల్బట్ గుడ్డ తెర అడ్డం పెట్టి ఫోటోను చుక్కలుగా విడగొట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. మన దేశంలో, కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 19వ శతాబ్దం చివరిలో హాఫ్‌టోన్ తెరల మీద స్వయంగా పరిశోధన చేసి, ఆ వ్యాసాలను బ్రిటన్ ముద్రణ రంగ వార్షిక సంచికలో ప్రచురించారు. ఈ సంగతి మన అచ్చుపని చరిత్ర చెప్పేవాళ్లు ఇంకా గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం.

ఇక నా ఆకాశం సంగతి. ఫోటోను ఆయన తన తెర మీద తెరిచి, పై భాగంలో ఒక్కొక్క చోట విలువలు చదివి కాగితం మీద రాశారు. మామూలు జేపెగ్ ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వాటాలకూ తలా 8 బిట్లు, అంటే 256 మెట్లు ఉంటాయి. మూడూ కలిపి లెక్కిస్తే 1,67,77,216 రంగులు. వినడానికి అంత పెద్ద సంఖ్య అయినా, నా ఫోటోలో పై 12 అంగుళాల ఆకాశంలో నీలం విలువ 96 నుంచి 84కు మాత్రమే దిగింది. అంటే పన్నెండు అంగుళాలకు పన్నెండు మెట్లు, మెట్టుకొక అంగుళం. కోటీ అరవై ఏడు లక్షల రంగులలో నా ఆకాశానికి దక్కినవి ఆ కొన్నే. అదీకాక ఎరుపు మెట్టు ఒకచోట, నీలం మెట్టు మరొకచోట విరుగుతున్నందువల్ల మధ్య చారలకు పచ్చదనం, ఎర్రదనం ఎక్కుతున్నాయి. మొదటి దుకాణంలో వచ్చిన చారలకు కారణం ఇదే. ఫోటోయే అలా ఉందన్న మాటలో అబద్ధం లేదు, కానీ ఆ మాటతో పని ముగిసిపోదు.

"కెమెరాలో అసలు ఫైలు ఉందా అమ్మా?" అని అడిగారు. ఉంది. నా కెమెరా తన ముడి ఫైలులో (RAW) వాటాకు 14 బిట్లు, అంటే 16,384 మెట్లు నమోదు చేస్తుంది. నేను ఇంటి దగ్గర దాన్ని జేపెగ్‌గా మార్చి, ఆ తరువాత నీలాన్ని ముదురు చేసి, మళ్లీ జేపెగ్‌గా దాచాను. ఉన్న మెట్లను నేనే రెండుసార్లు తెగ్గొట్టానన్నమాట. ఆయన ముడి ఫైలు నుంచి మొదలుపెట్టి, దిద్దుబాట్లన్నీ 16 బిట్లలోనే చేసి, ఆఖరున మాత్రమే 8 బిట్లకు దించారు. దించేటప్పుడు ఒక మెట్టు ఎత్తుకు మించని సన్నని చిలకరింపు, అంటే ఎటుపడితే అటు పడే రవ్వను, ఆకాశమంతా కలిపారు. శుభ్రమైన ఆకాశంలో దుమ్ము కలపడమేమిటని నాకు మొదట అనుమానం వచ్చింది. తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి చూపించిన తరువాత అనుమానం పోయింది. మెట్టు అంచు ఒక గీత మీద విరిగితే కన్ను ఆ గీతను వెంటనే పట్టేస్తుంది. అదే అంచు దగ్గర 90, 91 విలువల పిక్సెళ్లు, అంటే బొమ్మలోని అతి చిన్న గళ్లు, ఒకదానిలోకి ఒకటి చెల్లాచెదురుగా కలిసిపోతే పట్టుకోవడానికి గీత ఉండదు. బొమ్మను తక్కువ మెట్లకు దించే ముందు రవ్వ కలపడం మంచిదని 1962లోనే లారెన్స్ రాబర్ట్స్ ప్రచురించారు. తరువాతి కాలంలో ఇంటర్నెట్‌కు పునాది వేసినవారిలో ఒకరిగా పేరు పొందినది ఆయనే.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. చారలు పడిపోయిన జేపెగ్‌కు ఇదే రవ్వ కలిపితే చారలు కొంత మరుగున పడతాయే తప్ప పోయిన మెట్లు తిరిగిరావు. ఫోన్ సందేశాలలో ఫోటోగా పంపిన బొమ్మలు కుదించబడి ఉంటాయి కనుక వాటిని తీసుకుని పెద్ద ప్రింట్‌కు వెళ్లకండి. ఈ దుకాణంలో వాటిని పెద్ద కొలతకు తీసుకోరు. కొందరికి ఇది మొండితనంగా తోచవచ్చు, నాకు అది న్యాయంగానే కనిపించింది.

నా ల్యాప్‌టాప్ గురించి కూడా అక్కడే తెలిసింది. చవక తెరలలో చాలావాటికి వాటాకు 6 బిట్లే ఉంటాయి, అంటే 64 మెట్లు, మొత్తం 2,62,144 రంగులు. మిగతావాటిని ఆ తెరలు కాలంలో చల్లుతాయి. రెండు మెట్ల మధ్య ఛాయ కావాలంటే ఒక ఫ్రేములో కింది మెట్టు, మరో ఫ్రేములో పై మెట్టు చూపించి, సెకనుకు 60 సార్లు మారే ఆ ఆటను కన్ను సగటుగా చదువుకునేలా చేస్తాయి. నాలుగు ఫ్రేములలో ఒకసారి పై మెట్టు వేస్తే పావు, రెండుసార్లు వేస్తే సగం. ముదురు నీలం మీద నా ల్యాప్‌టాప్‌లో సన్నగా చీమలు పాకినట్టు కదలిక కనిపించడం కళ్ల అలసట వల్ల కాదని అప్పుడు తెలిసింది. దుకాణంలోని తెర వాటాకు 10 బిట్లది, 1,024 మెట్లు. నెలకొకసారి కొలత పరికరాన్ని తెర మీద పెట్టి సరిచేస్తారు. వెలుతురును 100 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గరే ఉంచుతారు. ఫోన్‌లో వెలిగిపోయిన ఫోటో కాగితం మీద చీకటిగా వచ్చిందని గొడవపడేవాళ్లు ముందు ఆ తెర ఎదుట ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఫోన్ తెర దీపం వంటిది, కాగితం దీపం కాదు.

రెండో రోజు నమూనా చీలిక చూపించారు. ఆకాశం, అమ్మ ముఖం, బతుకమ్మ మధ్య వరుసలు పడేలా 4 అంగుళాల వెడల్పున తీసిన ముక్క అది. దీనికి 150 రూపాయలు. పూర్తి ప్రింట్ తీయిస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తారు. దాన్ని ఒకసారి 5000 కెల్విన్ల తెల్లని దీపం కింద, మరొకసారి ఇళ్లలో వాడే పసుపు ఎల్‌ఈడీ కింద పెట్టి చూపించి, చేతికి ఒక లూప్ ఇచ్చారు. ఆ భూతద్దంలో నేను చూసింది ఇది. బంతిపూల నారింజ ఉండవలసిన చోట నారింజ అసలు లేదు. పసుపు చుక్కలు ఒత్తుగా, వాటి మధ్య మెజెంటా (ముదురు గులాబీ) చుక్కలు, అక్కడక్కడ లేత మెజెంటా, రేకు నీడలో మాత్రం రెండు మూడు సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) చుక్కలు ఉన్నాయి. అమ్మ చెంప మీద లేత మెజెంటా, పసుపు, లేత బూడిద మాత్రమే ఉండి, నల్ల చుక్క ఒక్కటీ లేదు. ఆకాశంలో లేత సయాన్ నుంచి ముదురు సయాన్‌కు మారే చోటు ఎక్కడో వెతికినా దొరకలేదు. అద్దం తీసి ఒక అడుగు వెనక్కి జరిగితే చుక్కలన్నీ మళ్లీ బంతిపూలే.

ఈ ముక్కను తీసిన పెద్ద ఇంక్‌జెట్ యంత్రంలో తొమ్మిది సిరాలు ఉన్నాయి: సయాన్, మెజెంటా, పసుపు, లేత సయాన్, లేత మెజెంటా, మెరుపు కాగితానికొక నలుపు, మెరుపు లేని కాగితానికొక నలుపు, బూడిద, లేత బూడిద. తక్కువ మెట్ల సమస్యకు లేత సిరాలు చేసే మేలు తేలికగా కనిపించదు. చెంప వంటి వెలుతురు భాగంలో ఛాయ తేవాలంటే చుక్కలు దూరం దూరంగా వేయాలి. ఆ చుక్క ముదురు మెజెంటా అయితే ముఖం మీద మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తుంది. లేత సిరా అయితే అంతే ఛాయకు ఎక్కువ చుక్కలు పడతాయి, ఒక్కొక్కటీ కంటికి తగలదు. దీనికి తోడు ఈ యంత్రం చుక్క పరిమాణాన్ని మార్చగలదు. ఏమీ లేకపోవడం, చిన్న చుక్క, మధ్య చుక్క, పెద్ద చుక్క అని ఒక్కో చోట నాలుగు స్థితులు. రెండు స్థితుల యంత్రంతో పోలిస్తే అది చాలా పెద్ద తేడా.

ఏ చుక్క ఎక్కడ పడాలో నిర్ణయించే పద్ధతి గురించి నేను పట్టుబట్టి అడిగితే, బిల్లు పుస్తకం వెనుక గళ్లు గీసి చెప్పారు. నేను దాన్ని ఇంటికి వచ్చి కిరాణా కొట్టు లెక్కగా అర్థం చేసుకున్నాను. పది రూపాయల నోట్లు తప్ప చిల్లర లేని కొట్టు అనుకోండి. రోజూ నాలుగు రూపాయల పచ్చిమిర్చి కొంటాను. మొదటి రోజు నాలుగు పదిలో సగం కూడా కాదు కనుక ఏమీ ఇవ్వను, నాలుగు రూపాయలు బాకీ. రెండో రోజు బాకీతో కలిపి ఎనిమిది అయింది, పది ఇచ్చేస్తాను, రెండు రూపాయలు కొట్టువాడే నాకు బాకీ. మూడో రోజు నాలుగులో రెండు పోగా రెండు, ఏమీ ఇవ్వను. నాలుగో రోజు ఆరు, పది ఇస్తాను, నాలుగు నాకు రావాలి. ఐదో రోజు సరిగ్గా చెల్లు. ఐదు రోజులలో రెండు నోట్లు, సగటున రోజుకు నాలుగు రూపాయలు. ఏ ఒక్క రోజూ నాలుగు రూపాయలు చేతులు మారలేదు, అయినా లెక్క పైసాతో సహా సరిపోయింది. 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ ప్రకటించిన పద్ధతి ఇదే. కాకపోతే వాళ్లు బాకీని ఒక్క రేపటికే మోపకుండా నలుగురు పొరుగువాళ్లకు పంచారు. కుడి పక్క పిక్సెల్‌కు 16లో 7 వంతులు, కింది వరుసలో ఎడమ మూలకు 3, సరిగ్గా కిందకు 5, కుడి మూలకు 1. అందువల్లనే తెలుపు, నలుపు మాత్రమే ఉన్న యంత్రం మీద కూడా ముఖం ముఖంగా నిలుస్తుంది.

దీనికి ముందు, 1973లో, కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ మరొక దారి చూపారు. బాకీల జోలికి పోకుండా, గళ్ల చట్రంలో ముందే రాసిపెట్టిన అంకెలతో ప్రతి పిక్సెల్‌నూ పోల్చి చుక్క వేయాలో వద్దో తేల్చడం ఆ దారి. 4×4 చట్రమైతే 17 ఛాయలు, 8×8 అయితే 65. పని త్వరగా అవుతుంది, కానీ బొమ్మ మీద జల్లెడ పరిచినట్టు నేత కనిపిస్తుంది. ఫోన్ కెమెరాలలో రంగులు పట్టే గళ్ల వడపోతకు ఉన్నదీ ఈ బేయర్ పేరే. ఈ దుకాణం యంత్రంలో వచ్చేది ఈ రెండూ కాక, చుక్కలు ఒకదానికొకటి ఎడంగా, కానీ వరుస కట్టకుండా పడే పద్ధతి. వరుస కడితే కన్ను పట్టేస్తుంది, గుమికూడితే మచ్చ అవుతుంది. వానకు ముందు నేల మీద పడే తొలి చినుకులు కూడా కొన్ని గుమికూడతాయి కదా, ఈ చుక్కలు వాటికన్నా మర్యాదగా సర్దుకుని కూర్చుంటాయి.

పెద్ద ప్రింట్ నాలుగో రోజున వచ్చింది. ఆకాశంలో చార లేదు. కిటికీ పక్కన వెలుగులో, పసుపు దీపం కింద, 30 సెంటీమీటర్ల దగ్గర, మూడు మీటర్ల దూరాన, అన్ని విధాలా వెతికాను. అమ్మ కట్టుకున్న పోచంపల్లి చీర అంచు కూడా అలలు తేలకుండా వచ్చింది. గళ్లు, నూలు దారాలు ఉన్న బట్ట మీద చుక్కల వరుసలు పడితే అడ్డదిడ్డమైన అలలు పుట్టడం పరిపాటి, వరుస లేని చుక్కలకు ఆ బెడద తక్కువ. కాగితం పత్తి గుజ్జుతో చేసిన మెరుపు లేని రకం. ధర 2,800 రూపాయలు. మొదటి దుకాణంలో ఇచ్చినదాని కన్నా ఎక్కువే, కానీ ఆ ప్రింట్ బీరువా వెనుక ఉంది, ఇది గోడ మీద ఉంది.

ఒక్క చోట మాత్రం రంగు తగ్గింది. గునుగు కొసలకు అద్దిన గులాబీ రంగు తెర మీద కళ్లు జిగేలుమనేలా ఉంటుంది, కాగితం మీద అది ఒక అడుగు వెనక్కి తగ్గింది. ఇది మెట్ల సమస్య కాదు, సిరాల సరిహద్దు. తెర వెలుగును కలుపుతుంది, సిరా వెలుగును మింగుతుంది. తెర చూపించే కొన్ని తీవ్రమైన రంగులు ఏ సిరాల కలయికకూ అందవు. ఈ సంగతిని పెద్దాయన ప్రింట్ తీయకముందే తన తెర మీద ఆ భాగాన్ని కాగితపు రంగుకు తగ్గించి చూపించి, "ఇంతవరకే వస్తుందమ్మా, ఇష్టమైతేనే తీద్దాం" అన్నారు. అందుకే నాకు అసంతృప్తి కలగలేదు. ముందే చెప్పిన కొరతకూ తరువాత బయటపడిన కొరతకూ చాలా తేడా ఉంది.

రెండో పని, మా అమ్మమ్మ నలుపు తెలుపు ఫోటో. నా దగ్గర ఉన్నది తపాలా కార్డు అంత పాత ప్రింట్, మూలలు చిరిగి ఉంది. దాన్ని స్కాన్ చేసి 8×10 అంగుళాలకు పెంచారు. ఆ పాత ఫోటోలో చుక్కలు లేవని నేను అనుకుంటూ వచ్చాను. లూప్ కింద పెట్టి బాగా పెంచిన స్కాన్ చూపిస్తే, అమ్మమ్మ ముఖం నిండా ఇసుక రేణువుల వంటి నల్లని రేణువులు కనిపించాయి. అవి వెండి రేణువులు. ఒక్కో రేణువు నలుపే, గుంపు పలుచబడిన చోట బూడిదగా తోస్తుంది. నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలం నుంచి నలుపు తెలుపు రసాయన ఫోటోలలో ఎక్కువగా వెండిదే ఈ పని. యంత్రం వేసే చుక్కల మీద నాకున్న చిన్నచూపు ఆ పూటతో పోయింది.

మొదటిసారి తీసిన ప్రింట్ దుకాణంలో నిఖార్సైన బూడిదగా ఉండి, ఇంటికి తెచ్చి పసుపు దీపం కింద పెట్టేసరికి కొంచెం ఎర్రబారింది. బూడిద ఛాయ తేవడానికి రంగు సిరాలు ఎక్కువ కలిస్తే దీపం మారినప్పుడు ఇలా జరుగుతుంది. ఫోన్ చేసి చెప్పగానే వాదించకుండా రమ్మన్నారు. రెండోసారి నలుపు, బూడిద, లేత బూడిద సిరాలతోనే దాదాపు మొత్తం పని జరిపించి, రంగు సిరాలను నామమాత్రంగా ఉంచి తీశారు. కాగితం ఖర్చు మాత్రం తీసుకున్నారు, 450 రూపాయల పూర్తి ధర మళ్లీ అడగలేదు. అయితే నా గోడ మీద పసుపు దీపం ఉందని మొదటి రోజే చెప్పాను కనుక, ఈ జాగ్రత్త మొదటిసారే తీసుకుని ఉండవలసింది.

మూడో పని నన్ను నిరాశపరిచింది. బంధువులకు పంచడానికి అదే పండుగ ఫోటోలు ముప్ఫై, 4×6 అంగుళాల కొలతలో కావాలన్నాను. పెద్ద యంత్రం ఖాళీ లేదని వాటిని లేజర్ ప్రింటర్ మీద తీసి ఇచ్చారు, ఒక్కోటి 25 రూపాయలు. దూరం నుంచి బాగానే ఉన్నాయి. కానీ ఆల్బమ్ ఫోటోను ఎవరూ దూరం నుంచి చూడరు, చేతిలో పట్టుకుని కళ్ల దగ్గర పెట్టుకుంటారు. అలా చూస్తే చెంపల మీద సన్నని గీతల వల, ఆకాశంలో మళ్లీ లీలగా మెట్లు. దీని లెక్క చాలా సూటిగా ఉంటుంది. అంగుళానికి 600 చోట్ల చుక్క వేయగల యంత్రం, అంగుళానికి 150 వరుసల హాఫ్‌టోన్ వేస్తే, ఒక్కో హాఫ్‌టోన్ గడికి దక్కేది 4×4, అంటే 16 చోట్లు. ఖాళీతో కలిపి 17 ఛాయలు. వరుసలను 75కు తగ్గిస్తే 8×8, 65 ఛాయలు వస్తాయి, కానీ వల కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వల సన్నబడితే ఛాయలు పోతాయి, ఛాయలు పెంచితే వల లావెక్కుతుంది. పత్రికల ఆఫ్‌సెట్ పనిలో, మంచి కాగితం మీదైతే, అంగుళానికి 2,400 చోట్ల మీద 150 వరుసలు వేస్తారు కనుక గడికి 16×16 దక్కి, 257 ఛాయల దాకా వస్తాయి. చుక్కలో వెలుగు తీవ్రతను మార్చగల లేజర్ యంత్రాలూ ఉన్నాయి, ఇది ఆ రకం కాదని ప్రింటే చెబుతోంది. గోడ దూరం గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషి ఆల్బమ్ దూరం గురించి అడగకపోవడం నాకు బాధ కలిగించింది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఒప్పుకున్నారు. ఇకమీదట చిన్న ఫోటోలు కావాలంటే రెండు రోజులు ఆగమని, ఇంక్‌జెట్ మీదే తీస్తానని చెప్పారు.

దుకాణానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా తలుపు వేసి ఉంటుంది. సందులో బండి పెట్టుకునే చోటు లేదు. పని నాలుగు రోజుల కన్నా ముందు కాదు, పండుగల ముందు వారం పైనే పడుతుంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు తీసుకోరు, ఛత్తా బజార్‌కు వెళ్లమని చెబుతారు. ప్రింట్‌ను గట్టి అట్ట గొట్టంలో చుట్టి ఇస్తారు, మడత పడలేదు. ఫైలు ఇచ్చేటప్పుడు దాన్ని మీరే ముదురు చేసి, పదును పెట్టి తీసుకురాకండి. కెమెరా ముడి ఫైలు ఉంటే అది, లేకపోతే మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పెద్ద ఫైలు ఇవ్వండి.

ఇంటి తెర మీద మీరే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి ఆయన నాకు నేర్పారు. ఒక నల్ల పిక్సెల్, ఒక తెల్ల పిక్సెల్ చొప్పున గళ్లు పరిచిన చతురస్రం గీసి, దాని పక్కన 128 విలువ గల బూడిద చతురస్రం, మరో పక్కన 188 విలువ గలది పెట్టండి. బొమ్మను అసలు కొలతలోనే ఉంచి, వెనక్కి జరిగి కళ్లు చికిలించి చూడండి. సగం నలుపు సగం తెలుపు కనుక 128తో సరిపోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ సరిచేసిన తెర మీద గళ్లు 188తోనే కలుస్తాయి. తెర అంకెలు వెలుగుతో సూటిగా పెరగవు, సగం వెలుగుకు చెందిన అంకె 188 దగ్గర ఉంటుంది. ఈ వంపును లెక్కలోకి తీసుకోకుండా చుక్కలు చల్లితే బొమ్మ మొత్తం వెలిసిపోతుంది. కాగితం మీదైతే కథ తిరగబడుతుంది. తడి సిరా పీచులోకి పాకి, ఆఫ్‌సెట్‌లో సగం అనుకున్న చుక్క 65, 70 శాతం దాకా కనిపించవచ్చు. అందుకే కాగితం మారిన ప్రతిసారీ కొలత పట్టీలు ముద్రించి, వాటిని యంత్రంతో చదివించి, ఆ కాగితానికే ప్రత్యేకంగా ప్రొఫైల్, అంటే రంగుల సవరణ పట్టిక, కట్టుకుంటారు. ఆ దుకాణం గోడకు తేదీలు వేసి వరుసగా తగిలించి ఉన్న రంగు పట్టీలు అవే. మొదటి రోజు అవి అలంకారమనుకున్నాను.

వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను. నాన్న గదికి ఒక ఫోటో కావాలి. మంచానికీ గోడకూ మధ్య దూరం రెండు మీటర్ల పది సెంటీమీటర్లు, ఎడమ పక్క కిటికీ, రాత్రిపూట పసుపు దీపం. ఈ మూడూ చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్‌కు చుట్టి పెట్టాను.